సీసా పట్టుకొని దవాఖానకు

మా అన్న కోడలిని జనగామ చంపక్‌హిల్స్ మాతాశిశు దవాఖానలో కాన్పుకు చేర్చారంటే చూడబోయాను. మందులిచ్చే కిటికీ ముందు పొడుగాటి వరుస ఉంది. అందరి చేతుల్లో కంప్యూటర్ చీటీలు, ఫోన్లు, గుడ్డ సంచులు. సీసా మాత్రం ఒక్కరి చేతిలోనూ లేదు. లోపలి నుంచి వచ్చేవన్నీ అట్టల్లోని గోలీలు, సీలు విప్పని ప్లాస్టిక్ డబ్బాలు. సీసా పట్టుకొని దవాఖానకు పోయే మనిషి మా జిల్లాల్లో ఎప్పుడు కనబడకుండా పోయాడో ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

ఆ తరువాత పనుల మీద మానుకోటకు, భూపాలపల్లికి పోయినప్పుడు అక్కడి దవాఖానల్లోకి కూడా తొంగిచూశాను. ఈ మూడు ఊళ్లూ ఒకప్పుడు వరంగల్ జిల్లావే. 2016 అక్టోబరు 11న మూడూ వేర్వేరు జిల్లాలకు కేంద్రాలయ్యాయి. కాగితాల మీద మహబూబాబాద్ అని రాసే మా మానుకోటలో 2022 నవంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. జనగామలో, భూపాలపల్లిలో 2023 సెప్టెంబరులో మొదలయ్యాయి. మానుకోటకు ఏడాదికి 150 ఎంబీబీఎస్ సీట్లు, మిగతా రెండింటికీ నూరేసి సీట్లు ఇచ్చారు. మా నాయన బతికి ఉండి ఈ మాట వింటే మళ్లీ ఒకసారి చెప్పమనేవాడు. ఆయన తరానికి పెద్ద డాక్టరంటే వరంగల్, అంతకంటే పెద్ద డాక్టరంటే పట్నం.

కాంపౌండరు కిటికీ

మా చిన్నప్పటి సర్కారు దవాఖానకు రెండే గదులు, ముందర బెంగుళూరు పెంకుల వరండా. ఒక గది డాక్టరుది, రెండోది కాంపౌండరుది. డాక్టరు కొన్ని రోజులు ఉండేవాడు, కొన్ని రోజులు ఉండేవాడు కాదు. కాంపౌండరు మాత్రం ఎప్పుడూ దొరికేవాడు, ఎందుకంటే ఆయన ఇల్లు దవాఖాన వెనకాలే.

సీసా మనమే తీసుకపోవాలి. దాన్ని కడగడం ముందురోజు పని. బూడిద, ఉప్పు, నాలుగు గులకరాళ్లు వేసి గిలకొట్టి, కడిగి, గోడ మీద బోర్లించి ఎండబెట్టేవాళ్లం. ఆముదం సీసా, సారా సీసా, ఎవరింట్లో ఏది ఉంటే అదే. కాంపౌండరు సీసా మూతి దగ్గర ముక్కు పెట్టి చూసేవాడు. వాసన తగిలితే "ఇంకోపారి కడుక్కరా పో" అని తిప్పి పంపేవాడు. నూనె వాసనతో మందు పోయడానికి ఆయన ఒప్పుకున్నది నేను చూడలేదు.

గోడ అల్మారాలో గోధుమరంగు పెద్ద సీసాలు వరుసగా ఉండేవి. వాటిలోంచి గీతలున్న గాజు గ్లాసులోకి మందు వంచి, గ్లాసును కంటి ఎత్తుకు లేపి, ఒక కన్ను మూసి చూసేవాడు. గీత దాటితే కొంచెం వెనక్కి పోసేవాడు. పొడి మందులైతే కల్వంలో నూరేవాడు. ఆ రాతి మీద రాయి తిరిగే గరగర చప్పుడు వరండాలో కూర్చున్న వాళ్లందరికీ వినబడేది. నూరిన పొడిని కాగితాల మీద సమంగా పంచి పొట్లాలు కట్టేవాడు. మిక్చరైతే నీళ్లు కలిపి, బిరడా బిగించి, దాని మీద బొటనవేలు ఆనించి ఊపేవాడు. జరానికి ఒక రంగు, కడుపునొప్పికి ఒక రంగు, దగ్గుకు ఒక రంగు. దవాఖాన నుంచి వచ్చే మనిషిని దారిలో చూసి, సీసాలో రంగును బట్టి ఆ ఇంట్లో ఎవరికి ఏమైందో ఊరంతా చెప్పేది.

చివరి పని కాగితం పట్టీ. తెల్లకాగితాన్ని పొడుగ్గా మడిచి, కత్తెరతో అంచు వెంట నొక్కులు కోసి, మైదా బంకతో సీసాకు అంటించేవాడు. ఒక నొక్కు అంటే ఒక పూట మందు. మా అవ్వకు చదువు రాదు. నొక్కు మీద గోరు ఆనించి మందు అక్కడిదాకా దిగే వరకు వంచి, నన్ను నోరు తెరవమనేది. ఒక్క అక్షరం లేకుండా రోగికి మోతాదు తెలియజెప్పే ఆ ఏర్పాటు ఎవరు కనిపెట్టారో గానీ, చదువులేని ఊళ్లకు అది గొప్ప మేలు చేసింది.

ఆ మిక్చరులో మందు ఎంత, నీళ్లు ఎంత అని అడిగితే జవాబు కష్టం. ఎంత కడిగినా సీసాలో క్రిములు ఉండిపోయేవి. కుండలో నీళ్లు ఏ బావివో ఎవరికీ తెలియదు. ఇప్పుడు ప్రతి అట్ట మీదా తయారైన నెల, గడువు తీరే నెల ఉంటున్నాయి. కానీ ఆ అక్షరాలు మా ఊరి ముసలివాళ్లకు అందవు. చంపక్‌హిల్స్ కిటికీ దగ్గర ఒక ముసలమ్మ గోలీల అట్టలు మూడు పట్టుకొని, వరుసలో వెనకున్న అమ్మాయిని "ఏది పొద్దుగాల, ఏది రాత్రి బిడ్డా?" అని అడిగింది. ఆ అమ్మాయి ఒక్కో అట్ట చూపిస్తూ రెండుసార్లు చెప్పింది. ఆ చదివి చెప్పే పనికి ప్రతి దవాఖానలో ఒక మనిషి ఉండాలి.

ఉడికే నీళ్లు, గాజు సూది

సూది వేయించుకోవడమంటే ముందు చప్పుళ్లు వినడం. కిరోసిన్ స్టవ్ మీద స్టీలు డబ్బాలో నీళ్లు మరుగుతుంటే లోపల గాజు సిరంజీ గోడలకు తగిలి కిణకిణమనేది. కాంపౌండరు పట్టుకారుతో దాన్ని తీసి, విదిలించి, సూది బిగించేవాడు. చిన్న గాజుబుడ్డి మెడను సన్నని రంపపు బిళ్లతో గీసి, టక్కున విరిచేవాడు. పెన్సిలిన్ అయితే పొడి ఉన్న బుడ్డిలోకి నీళ్లు ఎక్కించి, రెండు అరచేతుల మధ్య దొర్లించేవాడు. ముందు ముంజేతి మీద చిన్న పొక్కులా పొడిచి, కాసేపు కూర్చోబెట్టి, ఎర్రబడలేదని చూసుకొని అసలు సూది వేసేవాడు. ఒకే సూది ఎంతోమందికి వాడటం వల్ల మొన మొండిబారేది. దాన్ని రాతి మీద సానపట్టడం కూడా ఆయన పనే.

అన్నిటికంటే పిల్లలు వణికిపోయేది కుక్కకాటు సూదులకు. బొడ్డు చుట్టూ పద్నాలుగు, రోజుకొకటి. గొర్రె మెదడుతో చేసిన ఆ మందును హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో కూడా తయారుచేసేవాళ్లు. మా వీధి పిల్లవాడిని కుక్క కరిస్తే, వాళ్ల నాయన కైకిలి మానుకొని రోజూ వాడిని భుజాన వేసుకొని దవాఖానకు నడిచేవాడు. సగం సూదులయ్యాక మానేసిన కుటుంబాలు చాలా ఉండేవి. మానేస్తే ఏమవుతుందో తెలిసి కూడా పొట్టకూటి కోసం మానేవాళ్లు. మన దేశంలో ఆ పాత మందు 2004లో ఆగిపోయింది. ఇప్పుడు చేతికి వేసే నాలుగైదు సూదులతో సరిపోతుంది. సిరంజీ ఒక్కసారికే, ఆ తరువాత డబ్బాలోకి. గాజు సూది పోయిందని నేను బాధపడను. కామెర్లు ఒకరి నుంచి ఒకరికి ఎక్కించిన సూది అది.

మంచం మీద మనిషి

కాంపౌండరు చేతులెత్తేస్తే వరంగల్ పోవాలి. ముందు మంచం దిగేది. నులకమంచం నాలుగు కోళ్లకు తాళ్లు కట్టి, బొంగు దూర్చి, నలుగురు భుజాన ఎత్తుకునేవాళ్లు. మరో నలుగురు మారుభుజం పట్టడానికి వెనక నడిచేవాళ్లు. రాత్రయితే ముందర ఒకరు కందీలు పట్టుకొని నడవాలి. వానాకాలంలో వాగు అడ్డమొస్తే ఒడ్డున కూర్చొని నీళ్లు తగ్గేదాకా చూడాలి. ఆ ఒడ్డున ఆగిపోయిన ప్రాణాలు మా ఊళ్లోనే ఉన్నాయి.

రైలు దారి మీద ఉన్నందుకు జనగామ, మానుకోట కొంత నయం. నిజాం కాలంలో వరంగల్ దాకా పట్టాలు 1886లో పడ్డాయి. ప్యాసింజరు వచ్చేదాకా రోగిని ప్లాట్‌ఫాం మీద పడుకోబెట్టి, కొంగుతో ఈగలు తోలుతూ కూర్చునేవాళ్లు. భూపాలపల్లికి ఆ పట్టాలు లేవు. పరకాల మీదుగా బస్సులో, లారీలో, దొరికిన దానిలో రావాలి.

వరంగల్‌లో కాకతీయ వైద్య కళాశాల 1959లో మొదలైంది. దానికి అనుబంధమైన మహాత్మాగాంధీ స్మారక దవాఖానను మేమంతా ఎంజీఎం అనే అంటాం. ఆదిలాబాద్, కరీంనగర్, ఖమ్మం వైపు నుంచి కూడా జనం అక్కడికే వచ్చేవాళ్లు. ఇనుప మంచాలు, ఎర్ర కంబళ్లు, మంచం కాళ్ల దగ్గర వేలాడే జరం లెక్కల అట్ట, తెల్లటోపీల సిస్టరమ్మలు, స్పిరిటు వాసన, ఫినాయిలు వాసన. సెలైను గాజుసీసాలో ఉండేది. ఎర్ర రబ్బరు గొట్టంలో చుక్క పడుతున్నదా లేదా అని చూడటం రోగి మనిషి పని. చుక్క ఆగితే "సిస్టరమ్మా" అని ఉరకాలి. బయట చెట్ల కింద మూడు రాళ్ల పొయ్యిలు. ఊరు నుంచి తెచ్చిన బియ్యంతో జావ కాచి లోపలికి పంపేవాళ్లు. ఒకరు మంచం దగ్గర, ఒకరు పొయ్యి దగ్గర, ఒకరు ఊరికీ దవాఖానకూ మధ్య.

ఆ కాలపు డాక్టర్లు జనానికి ఎంత దగ్గరివాళ్లో చెప్పడానికి వరంగల్‌లో ఒక్క పేరు చాలు. పిల్లల వైద్యుడిగా, పౌరహక్కుల నాయకుడిగా పేరుపొందిన డాక్టర్ రామనాథాన్ని 1985 సెప్టెంబరు 3న ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. ఆ వార్త మా ఊరికి చేరిన రోజు, పిల్లలున్న ఆడవాళ్లు బావి దగ్గర గుమిగూడి ఇంటివాళ్లు పోయినట్టే ఏడ్చారు.

మంచం మీద రోగిని మోసే ఆ మోత అంతా మారడానికి ఒక రోజు గుర్తుపెట్టుకోవాలి. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్సు మొదలైంది. మా పక్క తండాకు అది మొదటిసారి వచ్చినప్పుడు కూతకు భయపడి కోళ్లు కూడా గూళ్లలో దూరాయి. ఇప్పుడు ఆ కూత వింటే జనం బండ్లు పక్కకు తీసి దారి ఇస్తున్నారు. మంచం మోసే పని ఊళ్లలో పోయింది, అడవి గూడేల్లో ఇంకా పూర్తిగా పోలేదు. వానాకాలంలో వాగుల అవతల నుంచి గర్భిణిని మోసుకొచ్చిన ఫొటోలు పేపర్లలో ఇప్పటికీ పడుతున్నాయి. ఆ ఫొటో పడని వానాకాలం రావాలి.

బొగ్గు ఊరు, అడవి జరం

భూపాలపల్లిలో, సింగరేణిలో పనిచేసి దిగిపోయిన నా మిత్రుడు ఉన్నాడు. సింగరేణి కాలరీస్ కంపెనీ 1920లో ఏర్పడింది. కాకతీయ ఖని గనులు వచ్చాక అడవి అంచున ఉన్న ఈ ఊరు పట్నమైంది. కార్మికుల కోసం కంపెనీ దవాఖాన కూడా వచ్చింది. ఒంట్లో బాగాలేక పనికి పోనప్పుడు కార్మికులు "సిక్కు రాయించుకున్న" అంటారు. కంపెనీ దవాఖాన చీటీ ఉన్న ఇంటికీ లేని ఇంటికీ ఎంత తేడానో నా మిత్రుడు ఇప్పటికీ చెబుతాడు. గని కార్మికుడి పిల్లవాడు దవాఖానలో మంచం మీద ఉండేవాడు. అదే జరం వచ్చిన గూడెం పిల్లవాడు పసరు మందుతో గుడిసెలో ఉండేవాడు.

ఈ అడవి పల్లెలకు పెద్ద శత్రువు మలేరియా. దోమ కడుపులో ఆ క్రిమిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లోనే కనిపెట్టాడు. ఆ సంగతి అక్కడికి దగ్గరే ఉన్న మా అడవులకు మందై రావడానికి ఇంకో అర్ధశతాబ్దం పట్టింది. జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం 1953లో మొదలైంది. వీపున పంపు కట్టుకొని డీడీటీ కొట్టేవాళ్లు ఊళ్లోకి వస్తే పిల్లలం వెంట తిరిగేవాళ్లం. కొట్టిన ఇంటి గోడ మీద తేదీ రాసిపోయేవాళ్లు. సున్నం వేసేదాకా ఆ అంకెలు అట్లాగే ఉండేవి. జరం ఉన్న ఇంటికి సైకిల్ మీద మలేరియా వర్కరు వచ్చి, వేలు గుచ్చి, గాజుపలక మీద రక్తపు చుక్క అద్దుకొని పోయేవాడు. ఫలితం వచ్చేసరికి జరం తగ్గిపోవడమో, మనిషి పోవడమో జరిగేది. ఇప్పుడు ఆశా కార్యకర్త సంచిలో చిన్న పట్టీ ఉంటుంది. చుక్క వేసి పావుగంటలో గీత చూసి చెబుతుంది.

డాక్టరు లేని ఆ పల్లెల్లో ఆర్‌ఎంపీలే దిక్కు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెలుగులో తెచ్చిన డేవిడ్ వెర్నర్ పుస్తకం "వైద్యుడు లేని చోట" వాళ్లలో చాలామంది దగ్గర అట్టలు ఊడిపోయే దాకా నలిగింది. ఎక్కడ సూది వేయకూడదో, ఎప్పుడు రోగిని దవాఖానకు పంపాలో ఆ పుస్తకం బొమ్మలతో చెప్పింది. ఇప్పుడు అదే భూపాలపల్లిలో తెల్లకోటు వేసుకున్న పిల్లలు బస్సు దిగి కాలేజీకి నడుస్తుంటే నా మిత్రుడు నిలబడి చూస్తాడు. వాళ్లలో ఒక్కరైనా గూడెం పిల్ల ఉండాలని ఆయన కోరిక. నాదీ అదే.

పెద్దవ్వ ఓపిక

దవాఖాన కథ చెప్పి మంత్రసానిని వదిలేస్తే తప్పు. మా ఊరి మంత్రసానిని అందరం పెద్దవ్వ అనేవాళ్లం. నా పుట్టుక ఆమె చేతుల్లోనే. కబురు అందితే చేతిలో పని వదిలి వచ్చేది. ముందు నీళ్లు కాగబెట్టించేది. నొప్పులు పడే ఆమె నడుముకు ఆముదం రాసి, ఆమెను గదిలో అటూ ఇటూ నడిపించేది. కడుపు మీద చెయ్యి ఆనించి బిడ్డ తల ఎటున్నదో చెప్పేది. గదిలో ఎవరైనా కంగారుపడితే బయటికి పంపేది. "తొందర పడకు బిడ్డా, అదే వస్తది" అనే మాట తెల్లవార్లూ వినబడేది. బిడ్డ పుట్టాక మాయ పూడ్చేదాకా, బాలింతకు కాయం తినిపించి కుంపటి పెట్టేదాకా ఆమె కదలదు. నీళ్లు పోసే రోజుల్లో మళ్లీ వచ్చేది. ఆమెకు ముట్టేది వడ్లు, ఒక చీర, రవికె గుడ్డ.

పెద్దవ్వ చేతిలో నిలవని ప్రాణాలు కూడా చెప్పాలి. అడ్డం తిరిగిన బిడ్డకు, ఆగని నెత్తురుకు ఆమె దగ్గర మందు లేదు. బొడ్డు కోసిన కొడవలి మొనతో ధనుర్వాతం వచ్చి వారం తిరక్కుండా పోయిన పసిపిల్లలు ఎంతమందో. తరువాత సర్కారు శిక్షణ ఇచ్చి బ్లేడు, దారం, సబ్బు ఉన్న డబ్బా ఇచ్చింది. ఆ డబ్బాను ఆమె దేవుని గూట్లో పెట్టుకునేది. గర్భిణులకు టీటీ సూదులు వచ్చాయి. బాలింతల, పసికందుల ధనుర్వాతాన్ని భారతదేశం అదుపు చేసిందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఆ ప్రకటన వెనుక మా ఊరి ఊయలలు ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు.

లెక్కలు ఇంకా గట్టిగా చెబుతాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మొదటిసారి జరిగిన 1992-93లో ఉమ్మడి రాష్ట్రంలో దవాఖానలో జరిగిన కాన్పులు మూడో వంతు. 2019-21 నాటి అయిదో సర్వేకు తెలంగాణలో అవి 97 శాతం. 2001-03లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సజీవంగా పుట్టిన ప్రతి లక్ష మంది బిడ్డలకు 195 మంది తల్లులు చనిపోయేవాళ్లు. 2018-20 నాటికి తెలంగాణలో ఆ సంఖ్య 43. ఈ రెండు అంకెల మధ్య ఉన్నది బతికిన తల్లులు. పాత రోజులే బాగుండేవని ఎవరైనా అంటే నేను ఈ లెక్క చూపిస్తాను.

అయితే అదే అయిదో కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇంకో లెక్క ఉంది. తెలంగాణలో నూటికి దాదాపు 61 కాన్పులు కడుపు కోసి చేసినవే. సర్కారు దవాఖానల్లో 44.5 శాతం, ప్రైవేటులో 81.5 శాతం. పది శాతం దాటాక కోతలు పెరిగినంత మాత్రాన తల్లీబిడ్డల మరణాలు తగ్గవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అవసరమైన కోత ప్రాణం పోస్తుంది. పెద్దవ్వ కాలంలో అది లేకనే ఎంతోమంది పోయారు. అవసరం లేని కోత బాలింతను నెలల తరబడి నొప్పితో ఉంచుతుంది, తరువాతి కాన్పును కష్టం చేస్తుంది.

ఎందుకింత పెరిగిందో దవాఖాన వరండాలో కాసేపు కూర్చుంటే తెలుస్తుంది. నొప్పులు మొదలైన గంటకే "ఇంకెంత సేపు, ఆపరేషన్ చేయించరాదు" అని ఇంటివాళ్లే అడుగుతున్నారు. అయ్యగారితో ముహూర్తం పెట్టించుకొని, ఫలానా రోజు ఫలానా గంటకు బిడ్డ పుట్టాలని వచ్చేవాళ్లున్నారు. డాక్టరుకు వరుసలో ఇంకా పదిమంది ఉన్నారు. రాత్రంతా నడుము రుద్దుతూ కూర్చునే మనిషి ఎవరూ లేరు. పాత దవాఖానలో లేనివన్నీ మనకు వచ్చాయి. పెద్దవ్వ దగ్గర మాత్రమే ఉన్న ఓపికను దవాఖానలోకి తెచ్చుకోవడం మాత్రం మరచిపోయాం.

అది తెచ్చుకోవడానికి దారి ఉంది. కాన్పు పక్కన ఓపిగ్గా ఉండేలా నర్సులకు ప్రత్యేకంగా మిడ్‌వైఫరీ శిక్షణ ఇవ్వడం తెలంగాణలో 2017లో మొదలైంది. వాళ్లు ఎక్కువ మంది కావాలి. జనగామ, మానుకోట, భూపాలపల్లి కాలేజీల్లో చదువుతున్న పిల్లలకు నా మనవి: మీ ఊళ్లలో ఇంకా బతికి ఉన్న మంత్రసానులను, రిటైరైన కాంపౌండర్లను, సిస్టరమ్మలను వెతికి, వాళ్ల పక్కన కూర్చొని అడగండి. చెయ్యి ఆనించి బిడ్డ తలను ఎట్లా గుర్తించేవాళ్లో, రోగిని ఎట్లా కూర్చోబెట్టి మాట్లాడేవాళ్లో రాసుకోండి. వాళ్లు పోయాక ఆ సంగతులు చెప్పేవాళ్లు ఉండరు.

ఇళ్లలోని పెద్దలకు ఇంకో మనవి. కాన్పుకు ముహూర్తం అడగకండి. తల్లీబిడ్డా బాగున్నంత వరకు డాక్టరును తొందరపెట్టకండి. బిడ్డ వచ్చే గంట బిడ్డకే తెలుసు. అప్పటిదాకా ఆ అమ్మాయి పక్కన కూర్చోండి, నడుము రుద్దండి, నడిపించండి. ఆ పనికి మంత్రసాని అక్కర్లేదు. అత్త చేయవచ్చు, అమ్మ చేయవచ్చు, దవాఖాన ఒప్పుకుంటే కట్టుకున్నవాడు కూడా చేయవచ్చు.